అగ్నిపర్వతపు దీవిలో ద్రాక్షపాదులు

అందని ద్రాక్షపండ్లు పుల్లన అని మనసు సరిపెట్టుకొని మరలిపోయిన నక్క కథ మన ఇండ్లలో చిన్నపిల్లలకు సైతము తెలియును. అది గ్రీకుల కథకుడైన ఈసపు పేర ప్రసిద్ధమైనది. ఆ గ్రీకు దేశమునకు చెందిన ఒక దీవిలో మాత్రము నక్కకు ఎగిరి అలసిపోవలసిన అవసరము లేదు. అచ్చట ద్రాక్ష పందిరికెక్కదు, గుంజకెక్కదు. తీగ నేలమీదనే గంపవలె చుట్టుకొని కూర్చుండును. గుత్తులు ఆ గంపలోపల జానెడెత్తున చేతికందుచుండును. అందినవి గదా యని కొరికినచో, తీపి వెనుకనే పులుపు వచ్చి నాలుకను పట్టుకొనును. ఆ పులుపునే అచ్చటివారు తమ నేల ఇచ్చిన భాగ్యముగా భావింతురు.

ఆ దీవి పేరు సాంతోరిని. ప్రాచీన నామము థేరా. నేడు మేము చెప్పబోవునది అచ్చటి ద్రాక్షతోటలను గూర్చియు, వానిని తరతరములుగా సాకుచున్న కుటుంబములను గూర్చియు. ఆ ద్రాక్షతో వారు చేయునది వైను. మా శ్రోతలలో పెక్కుమంది దానిని ముట్టనివారని మాకు తెలియును. దాని రుచిని వర్ణించి ఎవరినీ ఊరింపబోము. మమ్ము ఆకర్షించినది సీసా కాదు, పాదు. ముత్తాతకు ముత్తాత నాటిన వేరు నేటికిని చిగురు వేయుచున్నదను మాట విని, ఆ సంగతి ఏమో తెలిసికొనవలెనని ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

ఏజియన్ సముద్రమున సైక్లడీస్ అను దీవుల గుంపు కలదు. దాని దక్షిణపు అంచున సాంతోరిని. పటములో చూచినచో కొరికి విడిచిన గారెవలె అర్ధచంద్రాకారమున కనబడును. ఆ కొరికిన చోట నేడు సముద్రము నిండియున్నది, ఒకప్పుడది అగ్నిపర్వతము. సుమారు 3,600 సంవత్సరముల క్రిందట ఆ పర్వతము బ్రద్దలై నడిమి భాగము క్రుంగిపోయినది. అది జరిగినది క్రీస్తుపూర్వము 17వ శతాబ్దియా, 16వ శతాబ్దియా అని పండితులు నేటికిని తర్కించుకొనుచున్నారు. మనకు ఆ తగవుతో పనిలేదు. పర్వతము విడిచిన బూడిదయు, నీటిపై తేలునంత తేలికయైన రాయియు దీవినంతటిని మందముగా కప్పివేసినవి. ఆ బూడిద క్రింద ఒక పట్టణమే నిదురించినది. ఆక్రోతీరి వద్ద దానిని 1967లో స్పిరిడాన్ మరినాటోస్ అను పురాతత్త్వవేత్త త్రవ్వనారంభించెను. అంతకు నూరేండ్లకు ముందే సూయెజ్ కాలువ కట్టడములలో వాడుటకై ఈ బూడిదను ఓడలకెత్తి తీసికొనిపోయిరి. ఆ పర్వతము చల్లారినదని అనుకొనుటకు వీలులేదు. నడిసముద్రముననున్న చిన్న దీవిలో 1950లో మరల లావా పైకివచ్చినది.

దీవికి లోపలివైపున మూడువందల మీటర్ల వరకు నిట్టనిలువు చరియలు. చిత్రపటములలో అందరును చూచు తెల్లని ఇండ్లు, నీలి గుమ్మటములు ఆ చరియల అంచుననే ఉన్నవి. వెలుపలివైపున నేల మెల్లగా వాలి, తూర్పు సముద్రములోనికి దిగును. ద్రాక్షతోటలు చాలవరకు ఆ వాలులలోనివే. అటు ఏటవాలు ఎక్కువైనచోట రాతిగట్లు పేర్చి మెట్లపొలములు చేసినారు.

ఆ నేలను స్థానికులు ఆస్పా అందురు. బూడిద, తేలికరాయి, నల్లని లావా ముక్కలు కలిసిన నేల అది. బంకమన్ను దాదాపు లేదు. ఎరువు అనదగిన సారమును లేదు. ఇక వాన సంగతి. అనంతపురము జిల్లావారు వానల కొరతను గూర్చి మాటాడిన మనము జాలిపడుదుము; అచ్చట ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము పడును. సాంతోరినిలో 350 మిల్లీమీటర్లు పడిన గొప్ప. అదియు చలికాలములోనే. ద్రాక్షకాయ ఊరు వేసవి నెలలలో చుక్క రాలదు. నదులు లేవు. పైగా మెల్తెమి అను ఉత్తరపు గాలి వేసవియంతయు ఇసుకను ఎగజిమ్ముచు వీచును.

అట్టి చోట మొక్క ఎట్లు బ్రదుకును? రాత్రివేళ సముద్రముపైనుండి మంచు తేమ దీవిపైకి వచ్చును. బొరియలతో నిండిన ఆ తేలికరాయి తేమను పీల్చుకొని, పగలు మెల్లమెల్లగా వేరునకు విడుచును. ద్రాక్షవేరు ఆ చెమ్మను వెదకుకొనుచు లోతునకు దిగిపోవును. పాదునకును పాదునకును నడుమ ఎడము చాల ఎక్కువ; ఒకదాని నీటిని మరియొకటి త్రాగరాదు గదా. ఇంత చేసినను, హెక్టారుకు రెండుమూడు టన్నుల కాయ వచ్చినచో మంచి పంట యనుకొందురు. మన పందిరి ద్రాక్ష దానికి పదిరెట్లకు పైగా కాయును.

ఇక ఆ గంపను గూర్చి చెప్పవలెను. గ్రీకులు దానిని కులూరా అందురు. ఉంగరమువలె చుట్టినది అని అర్థము. మన ఆడవారు నీళ్ళబిందె క్రింద పెట్టుకొను చుట్టకుదురు ఎట్లుండునో, మొదట అది అట్లే ఉండును. నాటిన మొక్కకు కొన్నియేండ్లు గడచిన తరువాత, చలికాలపు కత్తిరింపువేళ పనికిరాని కొమ్మలను తీసివేసి, మిగిలిన పొడుగాటి కొమ్మలను వంచి గుండ్రముగా చుట్టుదురు. మరుసటి ఏడు ఆ చుట్టునుండి లేచిన క్రొత్త కొమ్మలను ఆ చుట్టుపైననే అల్లుదురు. ఏటికొక వరుస. ఇట్లు చుట్టకుదురు కాస్త గంపయగును. ఆకులు పైకి లేచి నీడపట్టును. కాయ గంపలోపల గాలికి, ఇసుకకు, ఎండకు చిక్కక పెరుగును. మంచు తేమయు ఆ గంపలో కొంతసేపు నిలుచును.

వినుటకిది సులభముగా తోచును. కాని తీగను విరుగకుండ వంచుట ఒకనాడు నేర్చుకొను విద్య కాదు. ఏ మొగ్గను ఉంచవలెను, ఏ కొమ్మ వచ్చే ఏటికి అల్లికలో ఇముడును అని చూచి కత్తెర పెట్టవలెను. ఒక మనిషి నడుము వంచి, మోకాళ్ళపై కూర్చుండి, ఒక్కొక్క గంప ముందు కొంతకొంత కాలము గడుపుచు తోటయంతయు తిరుగవలెను. యంత్రము ఇందులో చొరబడజాలదు. ఏ రెండు గంపలును ఒక తీరుగా నుండవు. తండ్రి చేతిని చూచి కొడుకు, అత్త చేతిని చూచి కోడలు నేర్చుకొనవలసిన పని యిది.

ఏటికొక వరుస చొప్పున అల్లుచు పోయినకొలది, వేరునకును కాయునట్టి కొమ్మకును నడుమ దూరము పెరుగును. చుట్లు చుట్టుకొనిపోయిన ఆ మొద్దుబారిన తీగలో నీరు నడచుటకే శక్తి చాలదు. కాపు ఏటేట తగ్గును. డెబ్బది, ఎనుబది సంవత్సరములకు, కొన్నిచోట్ల నూరేండ్లకు, ఆ గంపను పూర్తిగా తీసివేయవలసిన గడియ వచ్చును. అప్పుడు నేలకు సమముగా మొదలును కోసివేయుదురు. జీవితకాలపు అల్లిక ఒక్క పూటలో వంటచెరకైపోవును. వేరు మాత్రము అట్లేయుండును. ఆ వేరు నుండి ఒక పిలక లేచును. దానిని మరల మొదటినుండి చుట్టకుదురుగా చుట్టనారంభింతురు. రెండుమూడేండ్లు ఆ పాదు కాయదు. ఆ ఆదాయము పోయినట్లే.

ఇట్లు ఒక వేరుపై ఎన్ని గంపలు పుట్టి పోయినవో లెక్కించి, ఆ వేరు వయస్సు ఇంత అని చెప్పుదురు. రెండువందలు, మూడువందల సంవత్సరములు, కొన్నిటికి అంతకును మించి చెప్పుదురు. మొదలు కోసివేయబడినది గనుక వలయములు లెక్కపెట్టి నిర్ధారించుటకు వీలులేదు. కుటుంబముల జ్ఞాపకమే అచ్చట కొలత. మూడువందల యేండ్లు అన్నమాటను అక్షరాల నమ్మని శ్రోతలుండవచ్చును. సగమునకు తగ్గించి చూచినను, అది ఏ ఒక్క మనిషియు ఆద్యంతములు చూడజాలని వయస్సే.

ఐరోపాలో ఇతర తోటలకు ఈ భాగ్యము లేకపోవుటకు కారణమొకటి కలదు. 1860ల దశకమున అమెరికా నుండి ఓడలపై వచ్చిన మొక్కలతో ఫిలాక్సెరా అను పురుగు ఫ్రాన్సు దేశమున ప్రవేశించినది. ఇది మన రైతులెరిగిన పేనుబంక జాతికి దగ్గరి చుట్టము. ద్రాక్షవేరును పట్టి పీల్చి చంపును. దేశము తరువాత దేశముగా తోటలు మాడిపోయినవి. చివరకు, ఆ పురుగునకు తట్టుకొను అమెరికా ద్రాక్షవేరుపై ఐరోపా తీగను అంటుకట్టుట ఒక్కటే ఉపాయమని తేలినది. నేడు ప్రపంచమునందలి ద్రాక్షలో అధికభాగము అట్లు పరాయి కాలిపై నిలిచినదే. సాంతోరినిలోని బూడిదనేలలో బంకమన్ను లేదు గనుక ఆ పురుగునకు బ్రదుకు సాగలేదు. కావున అచ్చటి తీగలు తమ సొంత వేళ్ళపైననే నిలిచియున్నవి. గంపల నడుమ ఒక పాదు చనిపోయినచో, ప్రక్కపాదు కొమ్మను నేలలో పూడ్చి, కొనను పైకి తీసి, నేలయంటు కట్టుదురు. అది వేరూనిన పిమ్మట తల్లినుండి వేరుచేయుదురు. పంటనీయని బూడిదయే పంటను కాచినది. నేల పేదతనము ఒక్కొక్కప్పుడు ఇట్లు కూడ అక్కరకు వచ్చునని మేమెరుగము.

ఈ తోటలను సాకునట్టి కుటుంబములలో అర్గిరోస్ కుటుంబము ఒకటి. ఎపిస్కోపి గోనియా అను గ్రామమున 1903లో ఆ ఇంటివారు వైను చేయనారంభించిరి. నాలుగవ తరమువారు నేడు దానిని నడుపుచున్నారు. చిన్నతోటతో మొదలైన ఆస్తి నేడు నూటయిరువది హెక్టారులకు పెరిగినది. దీవిలో అందరికిని ఇంత కలిమి లేదు. పెక్కు ఇండ్లకు రెండు మూడు చెలకలు మాత్రమే. పండిన కాయను పెద్ద ఇండ్లకో, సహకార సంఘమునకో అమ్ముకొందురు. తమకని కొంత ఉంచుకొని ఇంటి కనవాలో పులియబెట్టుకొనుట పాత ఆచారము.

కనవా అనగా బూడిదగుట్టలో తొలిచిన గుహ. మన ధాన్యపు పాతర నేలలోనికి దిగును. ఇది ప్రక్కకు పోవును. లోపల వేసవిలోను చల్లగానుండును. రాతితొట్టిలో కాయను కాళ్ళతో త్రొక్కి రసమును దించుట, చెక్కపీపాలలో నింపుట అన్నియు అందే జరిగెడివి. ద్రాక్ష కోత ఆగస్టు నెలలోనే వచ్చును. గ్రీకు దేశమునందు మిక్కిలి ముందుగా కోయు చోట్లలో ఇదొకటి. ఆ ఎండకు కోసిన కాయ చెడిపోవునను భయముతో, వెనుకటివారు కోసిన కాయను రాత్రికి రాత్రియే త్రొక్కి రసము తీసెడివారు. ఆ వైనునకు నిక్తేరి అని పేరు. రాత్రిపని అని అర్థము. కార్తికమాసమున నక్తముండు మన గృహిణులకు ఈ మాట పరాయిది కాదు. సంస్కృతములోని నక్తమును, గ్రీకు భాషలోని ఆ రాత్రి మాటయు తోబుట్టువులే యని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

అచ్చటి ముఖ్యమైన ద్రాక్షజాతి అసిర్తికో. ఇది తెల్లద్రాక్ష. ఎంత ఎండ కాచినను పులుపు విడువదు. నేలలో పొటాషియము తక్కువగుట అందులకు ఒక కారణమందురు. దానితోపాటు అథీరి, ఐదానీ అను జాతులును కలవు. ఈ మూడింటి కాయను కోసి, ఆరుబయట ఎండలో వారము రెండు వారములు ఆరబెట్టి, వడలిన తరువాత పిండి, ఏండ్లతరబడి పీపాలలో నిలువయుంచి చేయు తీపి వైనునకు విన్‌సాంతో అని పేరు. రష్యా దేశపు చర్చిలలో ఆరాధనకై ఒకప్పుడు ఇది ఓడలలో వెళ్ళెడిది. 1917లో విప్లవము రాగా ఆ బేరము పోయినది. కనీసము రెండేండ్లు పీపాలో ఉండవలెనని నియమము. అర్గిరోస్ వారు ఇరువదేండ్లుంచిన దానిని సైతము అమ్మినారు. తండ్రి నింపిన పీపాను కొడుకు విప్పుట అచ్చట వింత కాదు. 1971లో గ్రీకు ప్రభుత్వము సాంతోరిని పేరునకు చట్టరక్షణ కల్పించినది. ఇతర చోట్ల చేసిన వైనునకు ఆ పేరు పెట్టరాదు.

చట్టము పేరును కాపాడును. నేలను కాపాడుట వేరు.

1956 జూలై 9వ తేదీన గొప్ప భూకంపము వచ్చినది. ఏబదిమందికి పైగా మరణించిరి. ఇండ్లు కూలినవి, పెక్కు కుటుంబములు ఆథెన్సు నగరమునకును, ఇతరదేశములకును వెళ్ళిపోయినవి. చూచువారు లేక కొన్ని తోటలు బీడుపడినవి. ఆ తరువాత కొన్ని దశాబ్దములకు యాత్రికులు వచ్చిరి. పదునైదువేల పైచిలుకు జనమున్న ఆ దీవికి ఇటీవలి సంవత్సరములలో ఏటికి ముప్పదిలక్షలకు మించి వచ్చుచున్నారు. వచ్చినవారికి గదులు కావలెను, ఈతకొలనులు కావలెను, రోడ్లు కావలెను. సముద్రము కనబడు చెలకకు ద్రాక్ష ఎన్ని జన్మలెత్తినను ఈయజాలని వెల పలుకును. పదిగంపలు తీసివేసినచో ఒక గది కట్టుకొనవచ్చును. ఆ ఇంటి కుర్రవాడు మోకాళ్ళపై కూర్చుండి తీగ వంచుటకంటె, చల్లని గదిలో కూర్చుండి అతిథుల పేర్లు వ్రాసికొనుటయే మేలని తలచుట తప్పు కాదు. కత్తిరింపు తెలిసిన చేతులు తగ్గుచున్నవి.

ఈ సంగతి చదువునపుడు మాకు మన హైదరాబాదు గుర్తునకు వచ్చినది. మా చిన్ననాట నగరపు శివారులలో ద్రాక్షపందిళ్ళు బారులు తీరియుండెడివి. అనాబ్-ఎ-షాహీ, రాచద్రాక్ష. ఎండలు ముదరకముందే బుట్టలకెత్తి అమ్మకమునకు తెచ్చెడివారు. తలపైన ఆకులు, ఆకుల నడుమ వ్రేలాడు లేతపచ్చని గుత్తులు, క్రింద తడినేల. ఆ పందిరి క్రింద నడచిన జ్ఞాపకము నేటికిని చల్లగానున్నది. రంగారెడ్డి, మేడ్చల్ ప్రాంతములలో ఆ తోటలలో పెక్కు నేడు లేవు. రాళ్ళు పాతి ప్లాట్లు చేసిరి. మా బంధువొకరు తమ తోట అమ్మినపుడు ఊరివారెవరును ఆక్షేపింపలేదు, మేమును ఆక్షేపింపలేదు. బిడ్డ చదువునకు, పెండ్లికి సొమ్ము కావలసియుండెను. కాని మన పందిరిని తీసివేసిన రైతు మరియొక జిల్లాలో మరల పందిరి వేసికొనవచ్చును. కొమ్మను నాటిన రెండుమూడేండ్లకు కాపు వచ్చును. సాంతోరినిలో ఒకసారి పెల్లగించిన వేరును మరల పొందవలెనన్న మూడువందల యేండ్లు ఎదురుచూడవలెను.

కొందరు రైతులు గంపను విడిచి, వరుసలుగా గుంజలు పాతి, తీగెలకు కట్టి, బొట్టుబొట్టుగా నీరిచ్చి క్రొత్తతోటలు వేయుచున్నారు. పని తక్కువ, కూలి తక్కువ, కాపు కొంత ఎక్కువ. పాతవారు దీనిని చూచి పెదవి విరుతురు. మేము దూరముననుండి తీర్పు చెప్పుట సులభమే. అయినను మాకు తోచినదేమనగా, తోట బొత్తిగా పోవుటకంటె గుంజలపైనైనను ఉండుట మేలు. అయితే నీరెక్కడిది అను ప్రశ్న మిగిలియే యున్నది. 2023లోను, 2024లోను వానలు తప్పి, ఎండలు మండి, పంట మిక్కిలి పడిపోయినది. శతాబ్దముల తరబడి ఎండకు వెరవని గంపలలోను కొన్ని ఎండిపోయినవి. కాయ తక్కువై వెల పెరిగినది. వెల పెరుగుటచే తోట నిలుచునని కొందరును, కొనువారు ఇంకొక దేశపు వైనునకు మరలుదురని కొందరును అనుచున్నారు.

అంతలో 2025 జనవరి చివరనుండి భూమి మరల కదలనారంభించినది. ఫిబ్రవరిలో వేలకొలది చిన్నపెద్ద కంపములు. బడులు మూసివేసిరి. పదునొకండువేలమందికి పైగా ఓడలపై, విమానములపై దీవిని విడిచి వెళ్ళిరి. మనుష్యుల ప్రాణములకు హాని లేకుండ ఆ గండము తొలగినది. తరువాత ఇండ్లకు తిరిగివచ్చిరి. ఆ నెలలే ద్రాక్షకు కత్తిరింపు నెలలు. ఈ సంవత్సరము వీలుకాలేదు, వచ్చే సంవత్సరము అల్లుదమన్న తీగ ఆగదు. మొగ్గ పగులు కాలమునకు అది పగులును.

పాత గంపను కోయవలసిన సంవత్సరము వచ్చినపుడు ఇంటి పెద్ద ఏమి ఆలోచించునో యని మేము అనుకొనుచుందుము. కాపు తగ్గినది. కోసినచో రెండుమూడేండ్లు అసలే లేదు. ప్రక్కచెలకలో గదులు లేచుచున్నవి. అడుగువారు వాకిటనే ఉన్నారు. అయినను అతడు రంపము తెచ్చి మొదలు కోసినాడనుకొందము. వసంతమున బూడిదలోనుండి ఒక పిలక లేచును. నాలుగైదేండ్లకు అతడు దానిని మొదటి చుట్టు చుట్టును. ఆ చుట్టు గంపయై, మొద్దుబారి, మరల కోతకు వచ్చునప్పటికి రంపము పట్టుకొని నిలుచుండువాడు అతని మునిమనుమడు.